టీడీఎస్ మీటర్ చెప్పని సంగతి: ఒక క్లినిక్‌లో ప్లాంటెడ్ ట్యాంక్ బాగుపడిన తీరు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ప్లాంటెడ్ ట్యాంక్, అంటే చేపలతో పాటు నీటి మొక్కలు పెంచే అక్వేరియం. రాళ్లు, మట్టి పోను నికరంగా 150 లీటర్ల నీళ్లు పడతాయి. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో డెంటల్ క్లినిక్ ఉంది. పేషెంట్లు కూర్చునే హాల్లో గోడవారగా దీన్ని పెట్టారు. సామానంతా మంచిదే. కెనిస్టర్ ఫిల్టర్, 60 వాట్ల ఎల్ఈడీ లైటు, మొక్కల కోసం నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలే సీఓటూ సిలిండర్, నీటి పీహెచ్ (ఆమ్లత్వం) చూసి దాన్ని నడిపే పీహెచ్ కంట్రోలర్ ఉన్నాయి. ఎరువులు కూడా ఖరీదైనవే వాడుతున్నారు. అయినా నెలల తరబడి అందులో నాచు తప్ప ఏదీ పెరగలేదు. నియాన్ టెట్రా చేపలు తెచ్చిన ప్రతిసారీ వారం పది రోజుల్లో పోతున్నాయి. హాయిగా తిరుగుతున్నవల్లా నాలుగు మోలీలు, జానెడు పెరిగిన ఒక సక్కర్ చేప.

సంక్రాంతి సెలవులయ్యాక నన్ను పిలిచారు. నాచు పోగొట్టే మందేదైనా చెప్పమన్నారు. నాచు జబ్బు కాదు, జబ్బు పైకి కనిపించే గుర్తు. అందుకే మందు జోలికి పోకుండా ముందు ఆకులు చూశాను.

రోటాలా మొక్కల కొసలు ముడుచుకుపోయి ఉన్నాయి. కొత్తగా వచ్చే ఆకులు చిన్నవిగా, మెలితిరిగి వస్తున్నాయి. హైగ్రోఫిలా కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నా వాటి మధ్య భాగం పసుపెక్కింది. అనూబియాస్ ఆకుల అంచుల నిండా నల్లటి బ్రష్ నాచు. కొత్త ఆకు మెలిక తిరిగితే కాల్షియం లోటును అనుమానించాలి. పాత ఆకు ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం లోటును అనుమానించాలి. బోరు నీళ్లు వాడే హైదరాబాద్ ట్యాంకులో ఈ రెండూ తక్కువ కావడం వింత. మన బోర్లలో కరువు లేనివే ఆ రెండూ. బకెట్ల మీదా కుళాయిల మీదా తెల్లగా పొరలు కట్టేది అవే.

డాక్టర్ గారు చెప్పిన ఇంకో మాట నాకు బాగా పనికొచ్చింది. "పొద్దున్నే క్లినిక్ తెరిచేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయండీ. మధ్యాహ్నానికి కాస్త తేరుకుంటాయి." షాపులో ఇది చూసి తెల్లమచ్చల రోగమని రాగి కలిసిన మందు ఇచ్చారట. సీఓటూ సిలిండర్ కూడా అనుకున్నదానికంటే చాలా త్వరగా ఖాళీ అవుతోందన్నారు. నీళ్ల సంగతి అడిగితే ఆయనకు సందేహమే లేదు. "అపార్ట్‌మెంట్ మొత్తానికీ సాఫ్ట్‌నర్ ఉందండీ. టీడీఎస్ కూడా చూస్తూనే ఉంటాం" అన్నారు.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

నీళ్ల లెక్క

టీడీఎస్ మీటర్ నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాలు మొత్తం ఎన్నో అంచనా వేస్తుంది. ఆ లవణాలు ఏవో అది చెప్పదు. లీటరుకు 300 మిల్లీగ్రాములు కాల్షియం, మెగ్నీషియం లవణాలైనా, 300 మిల్లీగ్రాముల వంట ఉప్పైనా మీటర్ మీద ఇంచుమించు ఒకేలా కనబడతాయి. మొక్కకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. అందుకే ప్లాంటెడ్ ట్యాంకుకు చుక్కలు వేసి చూసే రెండు టెస్టులు తప్పనిసరి. జీహెచ్ టెస్ట్ కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెబుతుంది. కేహెచ్ టెస్ట్ బైకార్బొనేట్ ఎంతుందో, అంటే నీరు పీహెచ్ మారకుండా ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెబుతుంది. రెంటినీ డిగ్రీల్లో లెక్కిస్తారు. ఒక డిగ్రీ అంటే లీటరుకు దాదాపు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం.

నీళ్లు రెండు చోట్ల పట్టాం. వాచ్‌మన్‌ను అడిగి సాఫ్ట్‌నర్‌లోకి వెళ్లకముందే బోరు పైపు నుంచి ఒక సీసా, క్లినిక్ కుళాయి నుంచి ఒక సీసా. బోరు నీటిలో టీడీఎస్ 850, జీహెచ్ 25, కేహెచ్ 16. కుళాయి నీటిలో టీడీఎస్ 880, కేహెచ్ 16, జీహెచ్ మాత్రం ఒకటే డిగ్రీ. ట్యాంక్ నీరు కూడా కుళాయి నీటిలాగే ఉంది.

సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ గుళికలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతాయి. అందుకే దానికి ఎప్పటికప్పుడు ఉప్పు పోసి మళ్లీ సిద్ధం చేస్తారు. గీజర్‌కీ వాషింగ్ మెషీన్‌కీ ఇది మేలే. సబ్బు బాగా నురుగొస్తుంది. కానీ లవణాలు తగ్గవు, రకం మారుతుంది అంతే. ఇక్కడ పోయిన 24 డిగ్రీల బదులు లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల సోడియం వచ్చి చేరింది. మొక్కకు కావలసినవి పోయాయి, అక్కర్లేనిది వచ్చింది. కేహెచ్ కదల్లేదు. వేస్తున్న ఎరువుల సీసాల్లో నైట్రేట్, పొటాషియం, ఇనుము ఉన్నాయిగానీ కాల్షియం లేదు. అది కుళాయి నీటిలో ఎలాగూ ఉంటుందన్న ధీమాతో చాలామంది తయారీదారులు వేయరు. మొక్క ఎదగడం ఆగిపోయాక పోసిన ఎరువంతా, రోజుకు పన్నెండు గంటల లైటుతో కలిసి, నాచుకు విందైంది.

ఇక చేపలు ఊపిరాడక పైకి రావడం. కేహెచ్, పీహెచ్, కరిగిన కార్బన్ డయాక్సైడ్ మూడింటికీ లెక్క ఉంది. కేహెచ్‌ను మూడుతో హెచ్చవేసి, పీహెచ్ 7 కంటే ఎంత తక్కువుంటే పదిని అన్నోసార్లు హెచ్చించిన విలువతో మళ్లీ హెచ్చవేస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల సీఓటూ ఉందో వస్తుంది. కేహెచ్ 4, పీహెచ్ 6.6 అయితే జవాబు 30. మొక్కలకు చాలు, చేపలకు ఇబ్బంది లేదు. ఆ 6.6ను ఎక్కడో విని కంట్రోలర్‌లో పెట్టారు. ఇక్కడి కేహెచ్ 16. అదే 6.6 దగ్గర సీఓటూ 120 అవుతుంది. కంట్రోలర్ తనకు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. నీటిని 6.6కు దించేదాకా రాత్రీపగలూ గ్యాస్ వదులుతూనే ఉంది. రాత్రి మొక్కలూ నాచూ కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి చేపల పరిస్థితి మరీ కనాకష్టం. ఈ నీటిలో 30 కావాలంటే కంట్రోలర్‌ను 7.2 దగ్గర ఆపాలి. సిలిండర్ త్వరగా అయిపోవడానికీ, రోగం లేని చేపలకు మందు పడటానికీ కారణం ఇదే. ఆ రోజే గ్యాస్ కట్టేసి, ఎయిర్ పంపు పెట్టించాను.

ఏ నీళ్లు?

దారులు మూడున్నాయని డాక్టర్ గారి ముందు పెట్టాను.

అన్నిటికంటే తేలికైనది పచ్చి బోరు నీళ్లే పోసుకుని, ఆ నీటికి తగిన మొక్కలు, చేపలు పెట్టుకోవడం. వాలిస్‌నేరియా, హైడ్రిల్లా లాంటివి బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీసుకోగలవు. మోలీ, గప్పీ చేపలకు గట్టి నీరే, అంటే జీహెచ్, కేహెచ్ ఎక్కువున్న నీరే ఇష్టం. సీఓటూ సిలిండర్ కూడా అక్కర్లేదు. నాకు ఈ దారి అంటే నిజంగా గౌరవం. ఇంట్లో మొదటిసారి ట్యాంక్ పెట్టేవాళ్లకు ఇదే చెబుతాను. అయితే డాక్టర్ గారి మనసు ఎర్ర రోటాలాల మీద, ముందు భాగంలో తివాచీలా పరుచుకునే చిన్న ఆకుల మీద ఉంది. ఆయనకు నచ్చిన ఫొటోలన్నీ తకాషి అమానో బాణీవి. జపాన్‌లోని నీగాటాలో పుట్టి, 1982లో అక్వా డిజైన్ అమానో సంస్థ పెట్టి, 2015లో మరణించేదాకా ఈ కళను ప్రపంచమంతా వ్యాపింపజేసిన మనిషి. జపాన్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్లు సహజంగానే మెత్తనివి. ఆ ఫొటో చూసి రాళ్లు, మొక్కలు, లైటు అన్నీ తెచ్చుకుంటాం. దాని వెనకున్న నీటిని మాత్రం ఎవరూ అడగరు.

రెండో దారి, సాఫ్ట్‌నర్ నీటికే కాల్షియం, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం లవణం) కలపడం. జీహెచ్ పెరుగుతుంది నిజమే. కానీ సోడియం పోదు, కేహెచ్ 16 అలాగే ఉంటుంది, టీడీఎస్ వెయ్యి దాటుతుంది. కేహెచ్ కోసం యాసిడ్ చుక్కలు వేయడమంటే రోజూ పీహెచ్‌తో కుస్తీ పట్టడమే. వద్దన్నాను.

మునిసిపల్ నీళ్లు ఎందుకు వాడకూడదని ఆయనే అడిగారు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు మన బోర్ల కంటే చాలా మెత్తన. అవి నేరుగా వచ్చే ఇంట్లో క్లోరిన్ పోగొట్టి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈ అపార్ట్‌మెంట్ సంపులో మాత్రం మునిసిపల్, బోరు, ట్యాంకర్ మూడూ కలుస్తాయి. ఏ రోజు దేని పాలు ఎంతో వాచ్‌మన్‌కే తెలియదు.

చివరికి ఎంచుకున్నది మూడో దారి, ఆర్వో నీళ్లలో పచ్చి బోరు నీళ్లు కలపడం. క్లినిక్‌లో తాగేందుకు ఆర్వో ఎలాగూ ఉంది. నాలుగు పాళ్లు ఆర్వో, ఒక పాలు సాఫ్ట్‌నర్‌కు వెళ్లని బోరు నీరు. జీహెచ్ 5, కేహెచ్ 3 చిల్లర వచ్చింది. టీడీఎస్ 200 లోపే. మినరల్స్ పొడి ఏదీ కొనకుండా, మన బోరు గట్టిదనమే మనకు మందుగా పనికొచ్చింది. బోరులో నైట్రేట్ లీటరుకు 60 మిల్లీగ్రాములు ఉంది. తాగునీటికి భారత ప్రమాణం 45 కాబట్టి తాగడానికి అది పనికిరాదు. ఐదో వంతుకు పలచబడితే 12 అవుతుంది, అది మొక్కలకు ఎరువే.

ఇలా చేసేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. కొన్ని వంటింటి ఆర్వోల్లో రుచి కోసం ఫిల్టరైన నీటిలో కొంత మామూలు నీరు కలిపే టీడీఎస్ అడ్జస్టర్ ఉంటుంది. దాన్ని పూర్తిగా మూయాలి. లేకపోతే సోడియం వెనక దారిన వస్తుంది. రెండోది, సాఫ్ట్‌నర్ నీటితో నడిచే ఆర్వో వదిలేసే వేస్ట్ నీటిలో సోడియం ఇంకా చిక్కగా ఉంటుంది. నేల తుడవడానికి, టాయిలెట్లకు వాడుకోవచ్చు, పూలకుండీలకు మాత్రం పోయకూడదు.

మళ్లీ కట్టడం

పాత మట్టి మొత్తం తీసేశాం. రాగి మందు పడిన మట్టిలో రాగి నిలిచిపోతుంది, రొయ్యలకు అది విషం. పాత రాళ్లు కూడా పనికిరాలేదు. కడప నల్లబండ ముక్కలు అందంగా పేర్చి ఉన్నాయి. టాయిలెట్ యాసిడ్ ఒక చుక్క వేయగానే బుసబుసమని పొంగింది. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయి జాతివే. సీఓటూ కరిగిన నీరు కాస్త పులుపు కాబట్టి ఆ రాయిని మెల్లమెల్లగా కరిగించి కేహెచ్ పెంచుతుంది. పాత నీటిలో దానివల్ల తేడా తెలిసేది కాదు, కొత్త మెత్తటి నీటిలో మన లెక్కంతా తప్పుతుంది. వాటి బదులు హైదరాబాద్ చుట్టూ ఎక్కడ తవ్వినా దొరికే గ్రానైట్ తెచ్చాం. అదే యాసిడ్ దాని మీద నీళ్లలా జారిపోయింది. మన గుట్టల మీద రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎలా నిలబడి ఉంటాయో అదే వరసలో పేర్చాలన్నది నా కోరిక. పెద్ద రాయిని ఎడమ వైపు మూడో వంతు దగ్గర, కాస్త వాల్చి నిలిపాం. దాని భుజం మీదుగా పాత డ్రిఫ్ట్‌వుడ్ కుడివైపుకు పాకుతుంది. కర్ర మీది బ్రష్ నాచును మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బయటే తుడిచి, బాగా కడిగాం.

మట్టికి కాల్చిన బంకమట్టి గుళికల సబ్‌స్ట్రేట్ వాడాను. ముందు నాలుగు సెంటీమీటర్లు, వెనక పది పన్నెండు. ఈ వాలు లేకపోతే ట్యాంక్ లోతు కనబడదు. వెనక ఎత్తు నిలవడానికి అడుగున వల సంచుల్లో లావా రాళ్లు. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ వేసి పైన ఇసుక కప్పే పద్ధతి కూడా మంచిదే, చవక కూడా. కాకపోతే మొక్కలు పీకి మార్చినప్పుడల్లా బురద లేస్తుంది. క్లినిక్ హాల్లో అది కుదరదు.

వెనక రోటాలా రోటుండిఫోలియా, హైగ్రోఫిలా పాలీస్పెర్మా. రెండూ మన దేశపు తడి నేలల్లో పెరిగేవే. మధ్యలో శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టి. ముందు తివాచీలా పరుచుకునే మోంటే కార్లో మొక్క. కర్రకు జావా ఫెర్న్, అనూబియాస్ దారంతో కట్టాం. ఈ రెంటి దుంపను మట్టిలో పాతకూడదు, పాతితే కుళ్లుతుంది. మొదటి రోజు నుంచే ఒత్తుగా నాటాలన్నది నేను పట్టుబట్టే విషయం. నాలుగు మొక్కలు పెట్టి అవి పెరిగే దాకా ఆగితే, ఖాళీగా ఉన్న వెలుతురునూ ఎరువునూ నాచు ఆక్రమిస్తుంది.

పీహెచ్ కంట్రోలర్ తీసేశాం. కొత్త మట్టి మొదట్లో కేహెచ్ పీల్చుకుంటుంది కాబట్టి పీహెచ్ అంకె నమ్మదగినది కాదు. టైమర్‌తో నడుస్తూ గ్యాస్‌ను తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వ్, ట్యాంక్ లోపల ఒక డ్రాప్ చెకర్ చాలు. చెకర్‌లో కేహెచ్ 4 ద్రవం ఉంటుంది. నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చైతే సుమారు 30, పసుపైతే ప్రమాదం. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి ఓపిక కావాలి. లైటు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా, మొదటి నెల సగం వెలుగుతో. లైటు కంటే గంట ముందు గ్యాస్ మొదలై, గంట ముందే ఆగుతుంది. "పొద్దున వచ్చే పేషెంట్లకు చీకటిగా ఉంటుంది కదండీ" అన్నారు డాక్టర్ గారు. హాల్లో ట్యూబ్‌లైటు వెలుగు చాలు, చేపలు కనబడతాయి.

సక్కర్ చేపను దగ్గర్లోని చెరువులో వదిలేద్దామన్నారు. ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాను. ఇది దక్షిణ అమెరికా చేప. ఇలా వదిలినవే పెరిగి ఈ రోజు మన చెరువుల్లో, కాలువల్లో జాలర్ల వలలు చింపుతున్నాయి. డెవిల్ ఫిష్, దెయ్యం చేప అని వార్తల్లో వచ్చేది దీని గురించే. పెద్ద ట్యాంకులున్న ఒక షాపు దాన్ని తీసుకుంది. మోలీలను బోరు నీటితో వేరే టబ్బులో ఉంచాం. టీడీఎస్ 880కి అలవాటుపడ్డ చేపను ఒక్కసారిగా 200లో వేస్తే తట్టుకోలేదు.

మొదటి వారాలు

కొత్త మట్టి అమ్మోనియా వదులుతుంది. మొదటి వారం రోజూ సగం నీళ్లు మార్చాం, రెండో వారం రోజు విడిచి రోజు. నడుస్తున్న నా ట్యాంక్ ఫిల్టర్ నుంచి ఒక స్పాంజ్ తెచ్చి ఇక్కడి ఫిల్టర్‌లో పెట్టాను. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. అది పూర్తిగా స్థిరపడే దాకా చేపల్లేవు. క్రిప్టోకొరైన్ ఆకులు కరిగిపోయాయి. నీరు మారితే ఆ మొక్క అలాగే చేస్తుంది, వేరు బతికుంటే కొత్త ఆకులు వేస్తుంది. మూడో వారంలో అద్దం మీదా ఆకుల మీదా గోధుమరంగు పొడి కమ్ముకుంది. డాక్టర్ గారికి మళ్లీ టెన్షన్. అది డయాటమ్ అనే ఒక రకం నాచు. కొత్త ట్యాంకుల్లో వచ్చి దానంతటదే పోతుంది. తుడిచి, నీళ్లు మార్చడం తప్ప ఏమీ చేయలేదు.

రోటాలా కొసలు రెండో వారానికే నిటారుగా లేచాయి. కొత్త ఆకు మెలిక లేకుండా విప్పారడం చూశాకే నా నిర్ధారణ మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. పాత ఆకు బాగుపడదు. మార్పు చూడాలంటే కొత్త ఆకునే చూడాలి.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి నిలిచాక జీబ్రా డానియోల గుంపు, తర్వాత ఒక జత హనీ గౌరామీలు, చివర్లో చెర్రీ రొయ్యలు. డెనిసోనీ బార్బులు కావాలన్నారు. కేరళ నదుల ఆ అందమైన చేప అరచెయ్యి దాటి పెరుగుతుంది, గుంపుగా ఈదడానికి చోటు కావాలి. మూడడుగుల ట్యాంక్ దానికి చాలదు. పైగా అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. మేత రిసెప్షన్‌లోని అమ్మాయి చేతికి అప్పగించాం. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. ఆదివారం సెలవు రోజు పస్తు, చేపలకు దానివల్ల నష్టమేమీ లేదు.

ఎండలు

మే నెలలో నీటి వేడి 32 డిగ్రీలకు చేరింది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 32 దగ్గర 7.3 మాత్రమే. చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. అందుకే గ్యాస్ తగ్గించి, ఫిల్టర్ నీరు పైభాగాన్ని బాగా కదిలించేలా పైపు తిప్పాం. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గింది. క్లినిక్ ఇన్వర్టర్‌కు ఫిల్టర్, ఎయిర్ పంపు మాత్రమే కలిపాం. కరెంటు పోతే సోలినాయిడ్ తనంతట తానే గ్యాస్ ఆపేస్తుంది.

ఫ్యాన్ వల్ల నీరు రోజూ ఆవిరవుతుంది. నీరే పోతుంది, లవణాలు ఉండిపోతాయి. తగ్గిన నీటిని ఆర్వోతోనే నింపాలి, కలిపిన నీటితో కాదు. కొన్నాళ్లు క్లినిక్‌లో కుళాయి నీరు పోశారని కేహెచ్ టెస్ట్ పట్టించింది. 3 ఉండాల్సింది 5కు పోయింది. అప్పటి నుంచి ఆర్వో నీటికి విడిగా నీలం క్యాన్, వారానికోసారి మార్చే 75 లీటర్ల కలిపిన నీటికి డ్రమ్ము.

ఇప్పుడు పని వారానికి గంట. సగం నీరు మార్చడం, అద్దం తుడవడం, రోటాలా కొసలు కత్తిరించి మళ్లీ నాటడం. కత్తిరింపులు ఎండబెట్టి కంపోస్ట్‌లోకి పోతాయి, కాలువలోకి కాదు. అనూబియాస్ పాత ఆకుల మీద నల్ల నాచు అక్కడక్కడా ఇంకా ఉంది. కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయి కాబట్టి పాతవి ఒక్కొక్కటే కోసేస్తున్నాం.

వానలు బాగా పడ్డాక బోరు నీరు మళ్లీ పరీక్షించాం. భూమిలోకి కొత్త నీరు దిగడంతో కేహెచ్ 16 నుంచి 12కు, జీహెచ్ 25 నుంచి 19కి తగ్గాయి. నాలుగు పాళ్ల ఆర్వో అలాగే కొనసాగిస్తే జీహెచ్ నాలుగుకు లోపే. అందుకని మూడు పాళ్ల ఆర్వోకు ఒక పాలు బోరుగా మార్చి, డ్రమ్ము మీద అంటించిన కాగితంలో లెక్క దిద్దాం. ఎండలు ముదిరి బోరు మళ్లీ గట్టిపడే ఫిబ్రవరి, మార్చిలలో ఇంకోసారి చూడాలి.